ముప్పును ముందే పసిగట్టిన పిట్టల పెద్దాయన

జీతం వద్దన్నాడు. దారి ఖర్చులు, డేరాల ఖర్చు పెట్టుకుంటే చాలు, మీ రాజ్యంలో ఏయే పిట్టలున్నాయో, ఎక్కడెక్కడున్నాయో తిరిగి చూసి రాసిస్తానన్నాడు. 1931లో హైదరాబాద్‌ నిజాం సర్కారు ముందుకొచ్చిన ప్రతిపాదన ఇది. అప్పటికి ఆయనకు ఉద్యోగం లేదు. వయసు 35కి దగ్గర పడింది. చూపించుకోడానికి పెద్ద డిగ్రీ కూడా లేదు. సర్కారు వారు ఒప్పుకున్నారు. ఊరికే చేస్తానంటే ఎవరు కాదంటారు?

ఆయనే సలీం అలీ. మన దేశంలో పక్షుల మాట ఎత్తితే మొదట నోట్లోకి వచ్చే పేరు.

ఆ రోజుల్లో నిజాం రాజ్యమంటే ఒక్క తెలంగాణ కాదు. ఔరంగాబాద్‌, నాందేడ్‌, బీదర్‌, గుల్బర్గా, రాయచూరు అన్నీ అందులోవే. ఇప్పుడు సరిహద్దుకు అవతల మిగిలిపోయిన మన ఊళ్లు కొన్ని కూడా ఆ రాజ్యంలోవే. అమ్రాబాద్‌ గుట్టల్లోని మన్ననూరు, ఫరహాబాద్‌ మొదలుకొని ఆదిలాబాద్‌ అడవుల దాకా 1931-32లో సలీం అలీ తిరిగాడు. ఎడ్లబండి పోయినంత దూరం బండి మీద, ఆపైన కాలినడకన. ఏ పిట్ట ఏ చెట్టు మీద, ఏ నెలలో గూడు కట్టింది, ఏం తింటోంది, ఎక్కడ బొత్తిగా కనబడలేదు, ఇలా అన్నీ నోటుబుక్కుల్లోకి ఎక్కించాడు. ఆ నివేదిక 1933, 34 సంవత్సరాల్లో బొంబాయి నేచురల్‌ హిస్టరీ సొసైటీ పత్రికలో విడతలు విడతలుగా అచ్చయింది.

పిట్టల లెక్క ఎందుకని ఎవరికైనా అనిపించవచ్చు. ఊళ్లో పశువుల లెక్క, ధాన్యం లెక్క ఉంటాయి గానీ పిట్టల లెక్కతో ఎవరికేం పని? పని ఉంది. ఫలానా పిట్ట తగ్గిపోతోందని ఎవరైనా చెప్పాలంటే నిన్న ఎన్ని ఉన్నాయో తెలిసి ఉండాలి. నిన్నటి లెక్క లేనిదే రేపటి ముప్పు కనబడదు. ప్రపంచంలో జీవజాలానికి రాబోయే ఆపదలు ఏమిటో ముందుగా వెదికి పట్టుకోవడం ఇప్పుడొక పెద్ద శాస్త్రం. ఏటా నిపుణులు కూర్చుని ఆ జాబితాలు తయారు చేస్తున్నారు. ఆ మాటే పుట్టని రోజుల్లో సలీం అలీ ఆ పని చేశాడు. అన్నిసార్లూ ఆయన చెప్పింది లోకం వినలేదు. అన్నిసార్లూ ఆయన చెప్పిందే సరైంది కూడా కాదు. ఆ రెండూ చెప్పుకుంటేనే ఆయన కథ పూర్తవుతుంది.

పిచ్చుకతో మొదలు

1896 నవంబరు 12న బొంబాయిలో పుట్టాడు. ఇంట్లో పిల్లల్లో ఆఖరివాడు. ఏడాది నిండేసరికి తండ్రి పోయాడు, మూడేళ్లకు తల్లి పోయింది. పిల్లలు లేని మేనమామ అమీరుద్దీన్‌ త్యాబ్జీ, ఆయన భార్య హమీదా బేగం పెంచారు. ఆ మేనమామ వేట అంటే పడిచచ్చేవాడు. పిల్లాడి చేతికి బొమ్మ తుపాకీ వచ్చిందంటే అందుకే.

పదేళ్లప్పుడు ఒక పిచ్చుకను కొట్టాడు. చూస్తే మెడ కింద పసుపుపచ్చ మచ్చ. మామూలు ఊరపిచ్చుక కాదు. ఇదేం పిట్టని అడిగితే మేనమామకూ తెలియలేదు. చీటీ రాసిచ్చి సొసైటీ కార్యదర్శి మిల్లార్డ్‌ దొర దగ్గరకు పంపించాడు. దొర విసుక్కోలేదు. పిట్ట పేరు చెప్పడమే కాక, బీరువాల్లో గడ్డి కూరి భద్రపరిచిన వందలాది పిట్టల్ని తీసి చూపించాడు. ఒక దేశంలో ఇన్ని రకాల పిట్టలుంటాయా అని ఆ పిల్లాడు నోరెళ్లబెట్టాడు. ఎనభై ఏళ్లకు పైగా బతికాక 1985లో రాసుకున్న ఆత్మకథకు కూడా ఆ పిచ్చుక పేరే పెట్టుకున్నాడు.

చదువు మాత్రం సాగలేదు. కాలేజీ మధ్యలో వదిలేసి 1914లో బర్మాలోని టవాయ్‌కి వెళ్లాడు. అక్కడ కుటుంబానికి ఉల్‌ఫ్రమ్‌ గనులు, కలప వ్యాపారం ఉండేవి. గనుల కంటే చుట్టూ ఉన్న అడవి మీదే ఆయన ధ్యాసంతా. వ్యాపారం ఏమైందో చెప్పక్కర్లేదు. తిరిగొచ్చి కొన్నాళ్లు వాణిజ్య చట్టాలు, పద్దులు చదివాడు. సెయింట్‌ జేవియర్స్‌లో ఫాదర్‌ బ్లాటర్‌ ప్రోత్సాహంతో జంతుశాస్త్రం కూడా చదివాడు. 1918 డిసెంబరులో తెహ్మీనా బేగంతో పెళ్లయింది.

జువలాజికల్‌ సర్వేలో పక్షుల నిపుణుడి ఉద్యోగం ఖాళీ అయితే ప్రయత్నించాడు. సరైన డిగ్రీ లేదని రాలేదు. 1926లో బొంబాయి ప్రిన్స్‌ ఆఫ్‌ వేల్స్‌ మ్యూజియంలో గైడ్‌ లెక్చరర్‌ పని దొరికింది. నెలకు 350 రూపాయలు. వచ్చిపోయేవాళ్లకు జంతువుల బొమ్మలు చూపించి వివరించడం. రెండేళ్లకే ఆ పని విసుగొచ్చింది. సెలవు పెట్టి 1928లో బెర్లిన్‌ వెళ్లి ఎర్విన్‌ స్ట్రెస్‌మన్‌ అనే మహా పండితుడి దగ్గర చేరాడు. పక్షిని చంపి చర్మం దాచుకోవడమే శాస్త్రం కాదు, బతికున్న పక్షి ఏం చేస్తోందో చూడాలన్న చూపు అక్కడే గట్టిపడింది. హెలిగోలాండ్‌ దీవిలో పక్షుల కాళ్లకు ఉంగరాలు తొడిగి వదలడం చూసి నేర్చుకున్నాడు. ఈ ఉంగరాల సంగతి గుర్తుంచుకోండి, ముందు పనికొస్తుంది.

1930లో తిరిగొచ్చేసరికి ఉద్యోగం లేదు. డబ్బుల్లేవని మ్యూజియం వాళ్లు ఆ పోస్టునే ఎత్తేశారు. బొంబాయిలో అద్దెలు కట్టలేక సముద్రం అవతలి ఒడ్డున ఉన్న కిహీం అనే పల్లెకు మకాం మార్చారు భార్యాభర్తలు. ఇంటి దగ్గర చెట్టు మీద గిజిగాళ్లు గూళ్లు కడుతున్నాయి. పనేమీ లేని మనిషి నెలల తరబడి వాటినే చూస్తూ కూర్చున్నాడు. మగ గిజిగాడు గూడు సగం కట్టి ఆపుతుంది. ఆడది వచ్చి లోపలికి దూరి పరీక్షిస్తుంది. నచ్చితే కాపురం, లేకుంటే వెళ్లిపోవడం. ఒక సంసారం కుదిరి ఆడది గుడ్ల మీద కూర్చోగానే మగాడు ఇంకో గూడు మొదలెడతాడు, ఇంకో ఆడపిట్ట కోసం! ఇంటింటా పాఠ్యపుస్తకాల్లో కనబడే గిజిగాడి సంసారం గుట్టు ఇంతకుముందు ఎవరూ ఇంత వివరంగా రాయలేదు. నిరుద్యోగం ఒక్కోసారి లోకానికి మేలు చేస్తుంది మరి.

రాజ్యాలన్నీ తిరిగి

హైదరాబాద్‌ తర్వాత కొచ్చిన్‌, తిరువాన్కూరు, గ్వాలియర్‌, ఇండోర్‌, భోపాల్‌. సంస్థానం తర్వాత సంస్థానం. తెహ్మీనా చాలా క్యాంపులకు వెంట వచ్చేది. డేరాలో సంసారం, లాంతరు వెలుగులో రాతకోతలు. 1939లో ఒక చిన్న ఆపరేషన్‌ తర్వాత ఆమె చనిపోయింది. సలీం అలీ మళ్లీ పెళ్లి చేసుకోలేదు. చెల్లెలిలా చూసుకునే అక్క కమూ, బావ హసన్‌ల ఇంట్లోనే మిగిలిన బతుకంతా గడిపాడు. దుఃఖం మీద ఆయన చేసింది ఒకటే, ఇంకా ఎక్కువ తిరగడం.

ఆ తిరుగుడులోనే మైసూరు వచ్చింది. శ్రీరంగపట్నం దగ్గర కావేరి నదిలో 17వ శతాబ్దంలో ఒడయార్లు కట్టించిన ఆనకట్ట వల్ల చిన్న చిన్న దిబ్బలు ఏర్పడ్డాయి. ఆ దిబ్బల మీది చెట్లలో వేల కొంగలు గూళ్లు పెట్టుకోవడం చూశాడు. ఇవాళ ఉన్నాయి కదా అని వదిలేస్తే రేపు ఉండవని మహారాజుకు నచ్చజెప్పాడు. 1940లో ఆ చోటును రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. అదే రంగనతిట్టు. మైసూరు, బెంగళూరుల్లో ఉన్న మనవాళ్లు పిల్లల్ని తీసుకుని పడవెక్కే ఆ రంగనతిట్టే.

1941లో ఆయన భారతదేశపు పక్షుల పుస్తకం వచ్చింది. మామూలు మనిషి కూడా చేతిలో పట్టుకుని చెట్టు కింద నిలబడి పిట్టను పోల్చుకోగల పుస్తకం. డెహ్రాడూన్‌ జైల్లో ఉన్న నెహ్రూ, నైనీ జైల్లో ఉన్న కూతురు ఇందిరకు ఆ పుస్తకం పంపించాడు. జైలు గోడల మధ్య పిట్టల్ని గుర్తుపట్టడం నేర్చుకున్న ఆ అమ్మాయి తర్వాత ప్రధాని అయింది. సలీం అలీ రాసిన ఉత్తరాలు ఢిల్లీలో చెత్తబుట్టకు పోకపోవడానికి ఇదీ ఒక కారణమే.

మనిషి బక్కగా, పొట్టిగా, ఎప్పుడూ బైనాక్యులర్లతో ఉండేవాడు గానీ మోటారు సైకిళ్ల పిచ్చి మాత్రం అంతా ఇంతా కాదు. 1950లో స్వీడన్‌లోని ఉప్సాలాలో పక్షి శాస్త్రవేత్తల మహాసభ జరిగితే తన సన్‌బీమ్‌ బండిని ఓడలో ఎక్కించుకుపోయి, యూరప్‌ అంతా దాని మీదే చుట్టేశాడు. దారిలో పడ్డాడు, దెబ్బలు తగిలించుకున్నాడు. అప్పటికి వయసు 53.

కోతులు చచ్చిపోతే పిట్టల మీద అనుమానం

1957లో అప్పటి మైసూరు రాష్ట్రం షిమోగా జిల్లా క్యాసనూరు అడవిలో కోతులు గుంపులు గుంపులుగా చచ్చిపోయాయి. ఆ వెంటనే చుట్టుపక్కల మనుషులకు విపరీతమైన జ్వరాలు. కన్నడిగులు మంగన కాయిలె అన్నారు, అంటే కోతి జ్వరం. పిడుదుల ద్వారా వ్యాపించే వైరస్‌ అని తేలింది. సరిగ్గా ఇలాంటి వైరస్సే రష్యాలో ఉంది. అక్కడిది ఇక్కడికి ఎలా వచ్చింది? చలికాలం సైబీరియా నుంచి వచ్చే వలస పక్షుల ఒంటి మీద పిడుదులు వచ్చాయా?

సలీం అలీ దీన్ని అవకాశంగా మార్చుకున్నాడు. వలస పక్షులు ఎక్కడి నుంచి ఎక్కడికి, ఏ దారిన పోతున్నాయో తెలియకుండా ఈ ప్రశ్నకు జవాబు దొరకదు గదా! ప్రపంచ ఆరోగ్య సంస్థ సాయంతో 1959లో ఉంగరాల పథకం మొదలైంది. హెలిగోలాండ్‌లో నేర్చుకున్న విద్య ముప్పై ఏళ్లకు అక్కరకొచ్చింది. వల వేసి పట్టుకోవడం, ఒంటి మీది పిడుదులు ఏరి పరీక్షకు పంపడం, కాలికి నంబరున్న చిన్న అల్యూమినియం ఉంగరం తొడిగి వదిలేయడం. కచ్‌లో, భరత్‌పూర్‌లో, తమిళనాడు కోడిక్కరైలో శిబిరాలు నడిచాయి. కోడిక్కరై ఉప్పు చిత్తడి నేలల విలువ సలీం అలీ 1962లోనే గుర్తించాడు. 1967లో అది అభయారణ్యమైంది.

ఆ జ్వరాన్ని మోసుకొచ్చాయన్న నేరం పిట్టల మీద రుజువు కాలేదు. కానీ వేలాది ఉంగరాలు దేశాలు దాటిపోయి తిరిగి సమాచారాన్ని పంపించాయి. మన చెరువుల్లో వాలే బాతు ఏ సైబీరియా మూల నుంచి వచ్చిందో అప్పుడు తెలిసింది. ఈ పథకానికి అమెరికా సైన్యం నిధులు కూడా చేరాయని, వెనుక జీవాయుధాల కుట్ర ఉందని 1970ల్లో పెద్ద గొడవే అయింది. పార్లమెంటు సంఘం దాకా వెళ్లింది. ఆ మచ్చ ఆయన్ను బాధపెట్టింది. ఎవరి డబ్బు తీసుకుంటున్నామో మరికాస్త జాగ్రత్తగా చూసుకుని ఉండాల్సిందన్న మాట కొట్టిపారేయలేం. అయితే 2006లో మహారాష్ట్రలోని నవాపూర్‌లో కోళ్లకు బర్డ్‌ఫ్లూ వచ్చి దేశమంతా హడలిపోయినప్పుడు, వలస పక్షుల దారులేమిటని మళ్లీ అదే ప్రశ్న. జవాబు కోసం తెరవాల్సింది ఆ పాత ఉంగరాల పద్దులే.

భరత్‌పూర్‌: ఒక గెలుపు, ఒక పొరపాటు

రాజస్థాన్‌లోని భరత్‌పూర్‌ చిత్తడి ఒకప్పుడు రాజావారి వేట దిబ్బ. 1938 నవంబరు 12న వైస్రాయ్‌ లిన్‌లిత్‌గో పరివారం ఒక్క రోజులో 4,273 పిట్టల్ని కొట్టింది. ఆ రోజు సలీం అలీకి 42వ పుట్టినరోజు. కాకతాళీయమే అనుకోండి.

స్వాతంత్య్రం వచ్చాక ఆ నీళ్లు వదిలేసి భూమిని సాగుకు పంచమని చుట్టుపక్కల రైతులు అడిగారు. వాళ్ల అడగడంలో తప్పులేదు, తిండిగింజల కరువు రోజులు. సలీం అలీ నెహ్రూకు మొరపెట్టుకున్నాడు. చెరువు ఎండిపోతే పోయేది ఒక్క రాజావారి వేటే కాదు, మధ్య ఆసియా నుంచి వచ్చే లక్షల పక్షుల మజిలీ అని. నీళ్లు నిలిచాయి. 1956లో పక్షుల రక్షిత ప్రాంతం, 1982లో జాతీయ పార్కు అయింది. అంతర్జాతీయంగా కాపాడదగ్గ చిత్తడి నేలలుగా 1981లో మన దేశం నుంచి మొదట నమోదైనవి రెండే. ఒకటి ఇది, రెండోది ఒడిశాలోని చిలికా. బరంపురం, గంజాం వైపు మనవాళ్లు ఎరిగిన చిలికానే. అక్కడి పక్షుల మీద కూడా సొసైటీ వాళ్లు 1980ల్లో ఉంగరాలతో అధ్యయనం చేశారు.

పొరపాటు కూడా ఇక్కడే జరిగింది. జాతీయ పార్కు అయ్యాక గేదెల్ని లోపలికి రానివ్వకూడదన్నారు. మేత వల్ల పక్షులకు చెరుపని సలీం అలీ కూడా ఆ నిషేధాన్ని బలపరిచాడు. తరతరాలుగా అక్కడ మేపుకుంటున్న ఊళ్లవాళ్లు తిరగబడ్డారు. 1982 చివర్లో పోలీసు కాల్పుల్లో గ్రామస్థులు ప్రాణాలు కోల్పోయారు. అంతా అయ్యాక తేలిందేమిటి? గేదెలు లేకపోయేసరికి నీళ్లలో ఒక రకం గడ్డి విపరీతంగా పెరిగి మడుగుల్ని కమ్మేసింది. ఈదే పిట్టలకు చోటు లేకుండా పోయింది. గేదె మేత చెరుపు కాదు, మడుగుకు మందు అని చెప్పిన అధ్యయనం ఎవరిది? సాక్షాత్తూ సలీం అలీ మొదలుపెట్టించిన సొసైటీ బృందానిదే. ఏళ్ల తరబడి లెక్కపెట్టి, పెద్దాయన నమ్మింది తప్పని రాశారు. లెక్క ఎవరి మొహమూ చూడదు. పోయిన ప్రాణాలు మాత్రం తిరిగి రాలేదు.

అక్కడికి వచ్చే తెల్లని సైబీరియా కొంగల సంగతీ అంతే. 1960ల మొదట్లో దాదాపు 200 వచ్చేవి. ఏటా ఎన్నొచ్చాయో లెక్క ఉంది కాబట్టి ఏటా తగ్గడం కళ్ల ముందు కనబడింది. దారిలో అఫ్గానిస్థాన్‌, పాకిస్థాన్‌లలో వేట పెద్ద దెబ్బ. 2002 తర్వాత ఒక్కటీ రాలేదు.

జాతీయ పక్షి కాలేకపోయిన బట్టమేక

సోలాపూర్‌ మగ్గాల మధ్య పుట్టి పెరిగిన తెలుగువాళ్లకు నాన్నజ్‌ కొత్త ఊరు కాదు. మరాఠీలో మాళ్‌ఢోక్‌ అంటారు, కర్నూలు జిల్లాలో బట్టమేక పిట్ట అంటారు. గడ్డి మైదానాల్లో నిటారుగా నడిచే, మేకపిల్లంత బరువుండే పక్షి. మగది పదిహేను కిలోల దాకా తూగుతుంది. ఎగిరే పక్షుల్లో ఇంత బరువైనవి లోకంలో బహు తక్కువ. ఏడాదికి పెట్టేది మాత్రం ఒక్క గుడ్డే, అదీ నేల మీద.

జీపులెక్కి తుపాకులతో తరిమే షికార్లు పెరిగిన రోజుల్లోనే ఈ పిట్టకు కాలం చెల్లుతోందని సలీం అలీ గుర్తించాడు. పులికి అడవి ఉంది, ఏనుగుకు అడవి ఉంది. గడ్డి నేలను కాగితాల్లో బంజరు అని రాస్తారు. బంజరును ఎవరు కాపాడతారు? చెట్లు నాటుతారు, లేదా దున్నుతారు. భావనగర్‌ రాజకుటుంబీకుడు ధర్మకుమార్‌సింహ్‌జీతో కలిసి, దీన్ని జాతీయ పక్షిగా చేస్తేనైనా నలుగురి కళ్లు పడతాయని వాదించాడు. వినే దాకా వచ్చింది. చివరికి 1963లో నెమలికే ఆ గౌరవం దక్కింది. బట్టమేక ఇంగ్లిష్‌ పేరులో ఒక్క అక్షరం తప్పుపడితే బూతుమాట అవుతుందని పెద్దలు జంకారని చెప్పుకుంటారు. నెమలి అందమైనదే, కాదనలేం. కానీ నెమలికి అప్పుడూ ఆపద లేదు, ఇప్పుడూ లేదు.

1979లో నాన్నజ్‌ ప్రాంతం అభయారణ్యమైంది. 1980ల మొదట్లో సొసైటీ వాళ్లు నాన్నజ్‌లోనూ, నందికొట్కూరు దగ్గరి రోళ్లపాడులోనూ, మధ్యప్రదేశ్‌లోని కరేరాలోనూ మకాం వేసి ఈ పిట్ట బతుకును దగ్గరగా చదివారు. రోళ్లపాడు 1988లో అభయారణ్యమైంది. అయినా చుట్టూ సాగునీరు, పంటలు, తర్వాత కరెంటు తీగలు. బరువైన పక్షి, ముందుచూపు తక్కువ, తీగను చివరి క్షణం దాకా చూడలేదు. 1960ల చివర్లో వెయ్యికి పైచిలుకు ఉంటాయని అంచనా వేసిన పిట్టలు ఇప్పుడు దేశమంతా కలిపి నూటయాభైకి అటూ ఇటూగా మిగిలాయి. దాదాపు అన్నీ రాజస్థాన్‌లోనే. కరేరాలో పూర్తిగా పోయాయి. బళ్లారి జిల్లా సిరుగుప్ప పొలాల్లో మాత్రం అడపాదడపా కనిపించి ఆశ పెడుతూ వచ్చాయి. 2011లో దీన్ని అంతరించే ప్రమాదం అత్యంత ఎక్కువగా ఉన్న జాతుల పట్టీలో చేర్చారు. సలీం అలీ అరిచి అప్పటికి యాభై ఏళ్లు.

కలివి కోడి దొరికిన రాత్రి

ఇక మన కలివి కోడి. 1840ల్లో జెర్డన్‌ అనే సర్జను మన ప్రాంతంలో దీన్ని లోకానికి చూపించాడు. ఆ తర్వాత గోదావరి ఒడ్డున సిరోంచా, భద్రాచలం దగ్గర ఒకరు చూశారు. 1900లో అనంతపురం దగ్గర ఇంకొకరు. అంతే. 86 ఏళ్లు ఎవరి కంటా పడలేదు. వెదికిన వాళ్లంతా ఉత్త చేతులతో తిరిగొచ్చారు. పుస్తకాల్లో దాదాపు పోయిన పిట్టల్లో కలిపేశారు.

సలీం అలీ మాత్రం కొట్టేయడానికి ఒప్పుకోలేదు. సొసైటీ తరఫున భరత్‌ భూషణ్‌ అనే కుర్ర పరిశోధకుడు కడప జిల్లాకు వచ్చాడు. ఆయన దుర్భిణీ పట్టుకుని అడవిలో పడలేదు. ముందు పిట్ట బొమ్మ చేతబట్టుకుని ఊళ్లవాళ్లను, పిట్టలు పట్టేవాళ్లను అడిగాడు. ఇంగ్లిష్‌ పుస్తకాలకు తెలియని పేరు మన ఊళ్లవాళ్లకు తెలుసు, కలివి పొదల్లో ఉండే కోడి అని. 1986 జనవరిలో సిద్ధవటం వైపు రెడ్డిపల్లె దగ్గర స్థానిక వేటగాడు ఒకరు రాత్రిపూట లైటు వెలుగులో దాన్ని పట్టుకున్నారు. శాస్త్రవేత్తలు ఎనభై ఆరేళ్లు పగలు వెదికారు, అది రాత్రి తిరిగే పిట్ట! ఆ కబురు చేరేనాటికి సలీం అలీకి 89 ఏళ్లు. ఆయన పుట్టిన తర్వాత ఒక్కసారే కనబడి మాయమైన పిట్ట, ఆయన పోకముందు మళ్లీ దొరికింది.

లంకమల్లేశ్వర అభయారణ్యం 1988లో దీనికోసమే వచ్చింది. చెన్నైకి తాగునీళ్లు మోసే తెలుగుగంగ కాలువ ఆ పొదల్ని చీల్చుకుపోబోతే 2000ల్లో దాని దారి మార్చాల్సి వచ్చింది. చెన్నైలో కుళాయి తిప్పే తెలుగువాళ్లకు ఈ పిట్టతో ఇంత చుట్టరికం ఉంది. తర్వాత మళ్లీ ఏళ్ల తరబడి అది ఎవరికీ చిక్కలేదు.

పోయాక పనికొచ్చిన లెక్క

డిల్లన్‌ రిప్లీతో కలిసి రాసిన పది సంపుటాల పక్షుల గ్రంథం 1968 నుంచి 1974 దాకా వచ్చింది. 1958లో పద్మభూషణ్‌, 1976లో పద్మవిభూషణ్‌ ఇచ్చారు. గెట్టీ బహుమతి డబ్బును పక్షుల రక్షణ నిధికే మళ్లించాడు. కేరళలో సైలెంట్‌ వ్యాలీ అడవిని ముంచబోయిన డ్యామును వద్దన్న వారిలో ఆయన గొంతు గట్టిగా వినబడింది, ఆ ప్రాజెక్టు ఆగింది. 1985లో రాజ్యసభకు నామినేట్‌ అయ్యాడు. 1987 జూన్‌ 20న, తొంభయ్యో ఏట, బొంబాయిలో క్యాన్సర్‌తో కన్నుమూశాడు. ఆయన పేరిట కోయంబత్తూరులో 1990లో పక్షుల పరిశోధన కేంద్రం వచ్చింది.

ఆయన పోయిన పదేళ్లలోపే భరత్‌పూర్‌లో రాబందులు చచ్చి రాలిపడటం మొదలైంది. మెడలు వాల్చేసి కొమ్మల మీద రోజుల తరబడి కూర్చుని కింద పడేవి. రాబందు చస్తే ఎవరికి పట్టింది? అయితే 1980ల్లో సొసైటీ బృందం అక్కడి రాబందుల గూళ్లన్నీ లెక్కపెట్టి ఉంచింది. వందల్లో ఉండేవి. అదే చెట్ల కింద అదే బృందం వాళ్లు 1990ల చివర్లో లెక్కపెడితే దాదాపు ఖాళీ. ఆ రెండు అంకెల్ని పక్కపక్కన పెట్టాకే ఇది ఒక ఊరి సంగతి కాదని, దేశమంతా ఉత్పాతమని ప్రపంచం మేల్కొంది. తెల్లవీపు రాబందులు పదిహేనేళ్లలో వెయ్యికి ఒక్కటి లెక్కన మిగిలాయి.

కారణం 2003, 2004 నాటికి బయటపడింది. పశువుల నొప్పులకు వాడే డైక్లోఫెనాక్‌. ఆ సూది వేసిన గొడ్డు చస్తే, ఆ మాంసం తిన్న రాబందుకు కిడ్నీలు పోతాయి. 2006లో పశువులకు ఆ మందు వాడకాన్ని మన దేశంలో నిషేధించారు.